పాఠకుల ప్రశ్నలు: పేజీలోని గ్రాఫులన్నిటికీ ఒకే శీర్షిక

డెల్టా పాఠకుల నుంచి ఈసారి వచ్చిన ఉత్తరాలలో కొన్ని ఒకే ఇబ్బంది గురించి ఉన్నాయి. ఒక పేజీలో పక్కపక్కన గీసిన గ్రాఫులకు ఉమ్మడిగా ఒక శీర్షిక పెట్టడం ఎలాగన్నదే ఆ ఇబ్బంది. అందుకే వాటికి ఒకచోటే జవాబులు ఇస్తున్నాను.

ప్రశ్న: నేను ఆక్వాకల్చర్‌లో ఎం.ఎస్సీ. చదువుతున్నాను. ప్రాజెక్టు కోసం నాలుగు రొయ్యల చెరువుల నీటిలో కరిగి ఉన్న ఆక్సిజన్‌ను రోజూ తెల్లవారుజామునా, మధ్యాహ్నమూ కొలిచి, ఆర్ అనే ప్రోగ్రామింగ్ భాషలో చెరువుకొకటి చొప్పున నాలుగు గ్రాఫులను ఒకే పేజీలో గీశాను. నాలుగింటికీ కలిపి పైన ఒక శీర్షిక పెట్టాలని టైటిల్ ఫంక్షన్‌ను వాడితే అది చివరి చెరువు గ్రాఫు మీద పడుతోంది. అంచు ఖాళీలో అక్షరాలు రాసే ఎంటెక్స్ట్ (mtext) ఫంక్షన్‌లో, పేజీ బయటి అంచున రాయమని చెప్పే అవుటర్ (outer) విలువను ట్రూ చేస్తే అసలేమీ కనబడటం లేదు, ఎర్రర్ కూడా రావటం లేదు. పొరపాటు ఎక్కడుందో దయచేసి చెప్పండి. (ఒక పాఠకురాలు, భీమవరం)

జవాబు: అమ్మా, మీరు రాసిన రెండు ఇబ్బందులకూ మూలం ఒక్కటే. ఆర్ దృష్టిలో మామూలు శీర్షిక అప్పటికి చివరగా గీసిన ప్యానెల్‌కు, అంటే పేజీలోని ఆ ఒక్క గ్రాఫుకు, చెందుతుంది గాని పేజీకి చెందదు. పేజీకి శీర్షిక పెట్టాలంటే పేజీ అంచున దానికి చోటు ఉండాలి, ఆ చోటును ఆర్ తనంతట తాను వదలదు. ఒక్కొక్క ప్యానెల్ చుట్టూ ఉండే ఖాళీని మార్ (mar) అనే విలువ నిర్ణయిస్తుంది. ప్యానెల్‌లన్నిటినీ కలిపి చుట్టి ఉండే బయటి ఖాళీని ఓఎంఏ (oma) అనే విలువ నిర్ణయిస్తుంది. మనం ఏమీ చెప్పకపోతే మార్ విలువలు 5.1, 4.1, 4.1, 2.1 అక్షరాల వరుసలుగా ఉంటాయి, ఓఎంఏ మాత్రం నాలుగు వైపులా సున్నాగానే ఉంటుంది. అందుచేత ఎంటెక్స్ట్‌తో మీరు రాయించిన అక్షరాలు పేజీ అంచు దాటి బయట పడ్డాయి. ఆర్ దీన్ని తప్పుగా లెక్కించదు కనుక మీకు ఎర్రర్ రాలేదు.

మొదటి గ్రాఫు గీయకముందే, పేజీ అమరికను నిర్ణయించే పార్ (par) ఫంక్షన్‌లో, అడ్డవరుసల, నిలువువరుసల సంఖ్యను తెలిపే ఎంఎఫ్‌రో (mfrow) విలువను 2, 2 గా ఇచ్చేటప్పుడే ఓఎంఏ విలువను 0, 0, 3, 0 గా ఇవ్వండి. ఈ నాలుగు అంకెలు వరుసగా కింద, ఎడమ, పైన, కుడి వైపులకు వర్తిస్తాయి కాబట్టి, పైన మూడు వరుసల చోటు మిగులుతుంది. ఆ తరువాత నాలుగు గ్రాఫులూ గీసి, ఎంటెక్స్ట్‌లో మీ శీర్షికను రాసి, సైడ్‌కు 3, లైన్‌కు 1, అవుటర్‌కు ట్రూ, అక్షరాల పరిమాణం తెలిపే సీఈఎక్స్‌కు 1.3 ఇస్తే శీర్షిక పేజీ నడుమ చక్కగా కూర్చుంటుంది. బయటి మార్జిన్ పేజీకంతటికీ చెందినది కాబట్టి మొదటి గ్రాఫు గీసిన తరువాత ఎప్పుడు రాయించినా ఫరవాలేదు; అయిదో గ్రాఫు గీస్తే మాత్రం కొత్త పేజీ మొదలవుతుంది, దానికి శీర్షికను మళ్లీ రాయించాలి. టైటిల్ ఫంక్షన్‌కు కూడా అవుటర్ ఉంది గాని, నేను ఎంటెక్స్ట్‌నే మేలంటాను. రెండు అడ్డవరుసలు, రెండు నిలువువరుసలు ఉన్న పేజీలో ఆర్ అక్షరాలన్నిటినీ 0.83 వంతుకు, అడ్డవరుసలు గాని నిలువువరుసలు గాని మూడు, అంతకు మించి ఉంటే 0.66 వంతుకు కుదిస్తుంది. టైటిల్ అక్షరాలు ఈ కుదింపుకు లోబడతాయి, ఎంటెక్స్ట్‌లో మీరిచ్చిన సీఈఎక్స్ మాత్రం లోబడదు. ఉమ్మడి శీర్షిక ప్యానెల్ శీర్షికల కంటే పెద్దదిగా కనబడాలి కదా.

మీరు అడగకపోయినా చెప్పవలసిన సంగతి ఒకటి ఉంది, నా మటుకు నాకు శీర్షిక కంటే అదే ముఖ్యం. నాలుగు గ్రాఫుల మీద ఒకే శీర్షిక పెట్టామంటే, వాటిని ఒకదానితో ఒకటి పోల్చి చూడమని చదివేవారికి చెబుతున్నామని అర్థం. రాత్రంతా నీటిలోని నాచు, రొయ్యలు, అడుగు మట్టిలోని సూక్ష్మజీవులు ఆక్సిజన్‌ను వాడుకుంటూనే ఉంటాయి, ఎండ లేక కొత్త ఆక్సిజన్ తయారు కాదు. అందుకే తెల్లవారుజామున అది అన్నిటికన్నా తక్కువగా ఉంటుంది. ఏ చెరువులో ఎక్కువగా పడిపోయిందన్నదే మీ గ్రాఫులలో రైతు వెతికే విషయం. ఆర్ ఒక్కొక్క గ్రాఫుకు దాని అంకెలను బట్టి వేరువేరు కొలమానం వేస్తుంది కాబట్టి, లీటరుకు 5 మిల్లీగ్రాములకు తగ్గిన చెరువూ, 3 మిల్లీగ్రాములకు తగ్గిన చెరువూ చూడటానికి ఒకేలా ఉండవచ్చు. నాలుగు చెరువుల అంకెలనూ కలిపి రేంజ్ ఫంక్షన్‌తో కనిష్ఠ, గరిష్ఠాలను తీసి, ఆ రెండింటినే ప్రతి గ్రాఫులోనూ నిలువు అక్షం హద్దులను తెలిపే వైలిమ్‌గా (ylim) ఇవ్వండి. కొలమానం ఒకటైపోయాక ‘కరిగిన ఆక్సిజన్, లీటరుకు మిల్లీగ్రాములలో’ అని నాలుగుసార్లు రాయనక్కరలేదు. నిలువు అక్షం పేరును తెలిపే వైల్యాబ్‌ను (ylab) ఖాళీగా ఉంచి, ఓఎంఏలో ఎడమ వైపు కూడా మూడు వరుసలు వదిలి, ఎంటెక్స్ట్‌లో సైడ్‌కు 2 ఇచ్చి ఒక్కసారి రాస్తే సరిపోతుంది. ప్యానెల్‌ల మీద ‘1వ చెరువు’, ‘2వ చెరువు’ అని మాత్రమే మిగలాలి.

పార్ ఫంక్షన్ విలువలను మార్చేటప్పుడు పాత విలువలను తిరిగి ఇస్తుంది. వాటిని ఒక పేరుతో దాచుకుని, పని ముగిశాక మళ్లీ పార్‌కే ఇవ్వండి. లేకుంటే తరువాత గీసే ఒంటరి గ్రాఫు కూడా పేజీలో పావు వంతులో ఇరుక్కుంటుంది.

ప్రశ్న: ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర వరద ప్రవాహాన్ని ఒక గ్రాఫుగా, నీటిమట్టాన్ని మరొక గ్రాఫుగా ఆర్‌లోని జీజీప్లాట్2 ప్యాకేజీతో గీశాను. పార్‌తో ఏం చెప్పినా అది పట్టించుకోవటం లేదు. రెండింటికీ ఒకే శీర్షిక ఎలా పెట్టాలి? (ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం)

జవాబు: జీజీప్లాట్2 గీసే పద్ధతి గ్రిడ్ అనే వేరే వ్యవస్థ మీద ఆధారపడి ఉంది, పార్ మాట అక్కడ చెల్లదు. మీరు గీసేది ఒకే కొలత అయి, బ్యారేజీలోని ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం విభాగాలకు విడివిడిగా చూపదలిస్తే, ఫేసెట్‌ర్యాప్‌తో ప్యానెల్‌లుగా విడదీసి ల్యాబ్స్‌లో టైటిల్ ఇస్తే చాలు. అప్పుడు గ్రాఫు నిజానికి ఒక్కటే, శీర్షికా ఒక్కటే. మీ విషయంలో లక్షల క్యూసెక్కులూ, అడుగులూ వేరువేరు కొలతలు కాబట్టి రెండు గ్రాఫులు తప్పవు. థామస్ లిన్ పెడర్‌సన్ రాసిన ప్యాచ్‌వర్క్ ప్యాకేజీలో రెండు గ్రాఫుల పేర్ల మధ్య ఏటవాలు గీత పెడితే ఒకదాని కింద ఒకటి అమరుతాయి, తేదీల అక్షాలు కూడా సరిగ్గా ఒకే నిలువులోకి వస్తాయి. దానికి ప్లాట్ యానొటేషన్‌ను కలిపి అందులో టైటిల్ ఇవ్వండి. చాలామంది అక్కడ ఒక్క గ్రాఫుకు శీర్షిక పెట్టే జీజీటైటిల్‌ను కలుపుతారు. కూడిక గుర్తుతో కలిపినది చివరి గ్రాఫుకే అంటుకుంటుంది కాబట్టి శీర్షిక నీటిమట్టం గ్రాఫు మీదికి పోతుంది. శీర్షికను నడుమకు తేవాలంటే థీమ్‌ను కూడా ప్లాట్ యానొటేషన్ లోపలే రాసి, శీర్షిక అడ్డంగా ఎక్కడ ఉండాలో తెలిపే హెచ్‌జస్ట్‌కు 0.5 ఇవ్వాలి.

నీటిమట్టం గ్రాఫులో 11.75, 13.75, 17.75 అడుగుల దగ్గర మూడు చుక్కల గీతలు, ప్రవాహం గ్రాఫులో 10, 13, 17 లక్షల క్యూసెక్కుల దగ్గర మూడు గీతలు గీయమని నా మనవి. అవి మొదటి, రెండవ, మూడవ ప్రమాద హెచ్చరికల గుర్తులు. లంక గ్రామాల వారు మీ గ్రాఫును చూస్తే ముందుగా వాటి కోసమే చూస్తారు.

ప్రశ్న: శీర్షికను తెలుగులో ఇస్తే పీడీఎఫ్‌లో చుక్కలు వస్తున్నాయి. ఒక్కొక్కసారి అక్షరాలు వచ్చినా ఒత్తులు విడిపోతున్నాయి. (ఒక ఉపాధ్యాయుడు, అమలాపురం)

జవాబు: మాస్టారూ, ఆర్‌లోని మామూలు పీడీఎఫ్ పరికరానికి తెలుగు లిపి రాదు, అందుకే చుక్కలు పెడుతుంది. ఫాంటు దొరికినా, ఒత్తులనూ గుణింతాలనూ జతపరిచే ఏర్పాటు లేని పరికరమైతే అక్షరాలు ముక్కలవుతాయి. రాగ్ ప్యాకేజీలోని ఏజీజీ పీఎన్‌జీ పరికరానికి ఆ ఏర్పాటు ఉంది. కంప్యూటర్‌లో నోటో శాన్స్ తెలుగు వంటి యూనికోడ్ ఫాంటును పెట్టుకుని, ఫ్యామిలీ విలువగా దాని పేరు ఇవ్వండి. తెలుగు ఒత్తులు గీత కిందికి దిగుతాయి కాబట్టి పైన చెప్పిన ఓఎంఏలో మూడు వరుసలకు బదులు నాలుగు వదిలి, ఎంటెక్స్ట్‌లో లైన్‌ను కూడా 1 నుంచి 2కు పెంచితే శీర్షిక ప్యానెల్ పేర్లను తాకదు.

ప్రశ్న: ఇదే పనిని పైథాన్‌లో ఎలా చేయాలి? (ఒక పాఠకుడు, పాలకొల్లు)

జవాబు: పైథాన్‌లో గ్రాఫులు గీసే మ్యాట్‌ప్లాట్‌లిబ్‌లో కూడా టైటిల్ అప్పుడు గీస్తున్న ప్యానెల్‌దే; పేజీ శీర్షికకు ఫిగర్ మీద సప్‌టైటిల్‌ను పిలవాలి. సబ్‌ప్లాట్స్‌లో లేఅవుట్‌ను కన్‌స్ట్రెయిన్డ్ అని ఇస్తే శీర్షికకు కావలసిన చోటును అదే చూసుకుంటుంది, షేర్‌వైని ట్రూ చేస్తే కొలమానం ఒకటవుతుంది. అక్షాల ఉమ్మడి పేర్లకు సప్‌ఎక్స్‌లేబుల్, సప్‌వైలేబుల్ 3.4 వెర్షన్ నుంచి ఉన్నాయి. మీ కంప్యూటర్‌లో అంతకు పాతది ఉంటే ముందు దానిని అప్‌డేట్ చేసుకోండి.