ఫైళ్లు కాపీ చేసే ముందు, ఏది ఏ సిస్టంకి చెందిందో విడదీయండి

మీ ఒంగోలు ఇంట్లో లినక్స్ డెస్క్‌టాప్, ఆఫీసు వాళ్లిచ్చిన విండోస్ ల్యాప్‌టాప్, ఊళ్లో అన్నయ్య దగ్గర పాత లినక్స్ సిస్టం. ఒకదాంట్లో మార్చుకున్న బ్యాష్ (కమాండ్లు కొట్టే షెల్), విమ్ (టెక్స్ట్ ఎడిటర్), గిట్ (ఫైళ్లలో మార్పుల చరిత్ర దాచే సాధనం) సెట్టింగులు మిగతా రెండింట్లో కనపడవు, పెన్‌డ్రైవ్‌లో మోసుకెళ్లాలా, డ్రాప్‌బాక్స్‌లో పడేయాలా అని అడిగారు. రెండూ వద్దు, గిట్‌లో పెట్టుకోండి. అయితే గిట్ కంటే ముందు చేయాల్సిన పని ఒకటుంది. అది చేయకపోతే ఏమవుతుందో నేను చూశాను కాబట్టి అదే ముందు చెప్తాను.

నా ఇల్లు కావలి, పని నెల్లూరులో. రొయ్యల మేత డీలర్లకి లెక్కల సాఫ్ట్‌వేర్ రాస్తాను. అప్పట్లో నేనూ పెన్‌డ్రైవ్ మనిషినే. ఒక శుక్రవారం సాయంత్రం ఆఫీసు సిస్టంలోని చుక్క ఫైళ్లన్నీ (పేరు ముందు చుక్క ఉండే సెట్టింగుల ఫైళ్లు) ఎక్కించుకుని, ఇంటికొచ్చి డెస్క్‌టాప్ హోమ్ ఫోల్డర్‌లో పేస్ట్ చేశాను. రీస్టార్ట్ చేస్తే నెట్ లేదు. బ్రౌజర్ తెరుచుకోదు, గిట్ పుల్ కదలదు. రాత్రి పదింటికి కేబుల్ నెట్ అబ్బాయికి ఫోన్ చేశాను. పాపం బండేసుకుని వచ్చాడు. డబ్బాలో లైట్లన్నీ పచ్చగా ఉన్నాయి. తన ఫోన్‌ని మా వైఫైకి కలిపి వీడియో పెట్టి చూపించి, “నెట్ శుభ్రంగా వస్తా ఉంది సార్, మీ సిస్టంలోనే ఏదో ఉంది” అన్నాడు. నిజమే. ఆఫీసు ప్రాక్సీ (నెట్‌కి దారిచ్చే మధ్యవర్తి సర్వర్) అడ్రసు నేను తెచ్చిన ప్రొఫైల్ ఫైల్‌లో రెండు లైన్లుగా ఉంది. అది నెల్లూరులోనే పనిచేసే అడ్రసు. అది దొరికేసరికి ఒంటిగంట అయింది. తెల్లారాక ఇంకోటి బయటపడింది: ఇంటి బ్యాష్‌ఆర్‌సీలో (బ్యాష్ తెరిచినప్పుడల్లా చదివే సెట్టింగుల ఫైల్) మూడు వారాలుగా రాసుకున్న షార్ట్‌కట్లన్నీ ఆఫీసు నుంచి తెచ్చిన ఫైల్ కింద పడి పోయాయి.

అందుకే చెప్తున్నాను, ముందు ప్రతి ఫైల్ తెరిచి లైను లైనుకీ ఒక్కటే ప్రశ్న వేసుకోండి: ఇది నా అలవాటా, ఈ సిస్టం అవసరమా? షార్ట్‌కట్లు, ప్రాంప్ట్, విమ్ సెట్టింగులు మీ అలవాట్లు, ఎక్కడికైనా మీతో రావాలి. ప్రాక్సీ, జావా పాత్, ఆఫీసు ఈమెయిల్ ఆ సిస్టంవి, అక్కడే ఉండాలి. రెండో రకం లైన్లని బ్యాష్‌ఆర్‌సీ డాట్ లోకల్ అనే వేరే ఫైల్‌లోకి తీసేయండి. అసలు బ్యాష్‌ఆర్‌సీ చివర “ఆ ఫైల్ ఉంటే చదువు, లేకపోతే వదిలెయ్” అని ఒక ఇఫ్ రాస్తే చాలు. గిట్ సెట్టింగుల ఫైల్ గిట్‌కాన్ఫిగ్‌లో ఇంత కూడా అక్కర్లేదు. ఇంక్లూడ్ కింద ఆ వేరే ఫైల్ పాత్ ఇస్తే, ఆ ఫైల్ లేని సిస్టంలో గిట్ మారుమాట్లాడకుండా ముందుకెళ్తుంది. ఆఫీసు ప్రాజెక్టుల ఫోల్డర్‌లో ఉన్నప్పుడు ఆఫీసు ఈమెయిల్, బయట సొంత ఈమెయిల్ రావాలంటే ఇంక్లూడ్‌ఇఫ్ ఉంది, 2017లో వచ్చిన గిట్ 2.13 నుంచి. ఎస్‌ఎస్‌హెచ్ (దూరంగా ఉన్న సిస్టంలోకి లాగిన్ అయ్యే సాధనం) కాన్ఫిగ్‌లోనూ ఇంక్లూడ్ ఉంది, కానీ దాన్ని ఫైల్ మొదట్లో పెట్టండి. ఎస్‌ఎస్‌హెచ్ ఒక సెట్టింగ్‌కి మొదట దొరికిన విలువనే తీసుకుంటుంది, తర్వాత వచ్చేవి పట్టించుకోదు.

విడదీయడం అయ్యాక మిగతాది తేలిక. హోమ్‌లో డాట్‌ఫైల్స్ అని ఒక ఫోల్డర్ పెట్టి, లోపల బ్యాష్, విమ్, గిట్ అని సబ్‌ఫోల్డర్లు చేసి, ఫైళ్లని వాటిలోకి జరిపి గిట్ ఇనిట్ చేయండి. వాటిని మళ్లీ హోమ్‌లో కనపడేలా చేయడానికి నేను వాడేది గ్నూ స్టో. డాట్‌ఫైల్స్‌లో నిలబడి స్టో బ్యాష్ అని కొడితే, హోమ్‌లో బ్యాష్‌ఆర్‌సీకి సిమ్‌లింక్ (అసలు ఫైల్‌కి దారి చూపే గుర్తు) వేస్తుంది. అసలు ఫైల్ గిట్‌లోనే ఉంటుంది, ఎక్కడ తెరిచి మార్చినా గిట్ స్టేటస్‌లో కనపడుతుంది. హోమ్‌లో అదే పేరుతో ఫైల్ ముందే ఉంటే స్టో దాని మీద రాయదు, ఆగిపోతుంది. నాకు దీంట్లో బాగా నచ్చేది అదే. అడాప్ట్ అనే ఆప్షన్ ఇస్తే మాత్రం హోమ్‌లోని ఫైల్‌ని లాక్కుని గిట్ ఫోల్డర్‌లోని దాని మీద పెట్టేస్తుంది. కాబట్టి అంతకు ముందు కమిట్ చేసుకోండి (అప్పటికి ఉన్నది గిట్‌లో భద్రం చేయడం), తర్వాత గిట్ డిఫ్‌తో తేడా చూసుకోండి.

డ్రాప్‌బాక్స్ ఎందుకు వద్దన్నానంటే, 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను అప్పుడు మా వీధికి రెండు రోజులు కరెంటు లేదు, నెట్ అసలే లేదు. ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద విమ్ సెట్టింగులు కొన్ని మార్చి కమిట్ చేసుకుంటూ పోయాను. డెస్క్‌టాప్‌లో అంతకు ముందు చేసిన మార్పులు పుష్ చేయడం (సర్వర్‌కి పంపడం) మర్చిపోయి ఉన్నాను. కరెంటొచ్చాక రెండూ కలిపితే ఒకే చోట తేడా వచ్చింది. గిట్ రెండు లైన్లనీ పక్కపక్కన పెట్టి ఏది కావాలో అడిగింది. అదే డ్రాప్‌బాక్స్ లాంటి, ఫైళ్లు సింక్ చేసేవైతే కాన్‌ఫ్లిక్ట్ పేరుతో రెండో కాపీ పడేసి ఊరుకుంటాయి, దాన్ని మనం నెలల తర్వాత చూస్తాం.

రహస్యాల సంగతి గట్టిగా చెప్తున్నా. పాస్‌వర్డ్, టోకెన్ (పాస్‌వర్డ్ బదులు వాడే కోడ్), ఎస్‌ఎస్‌హెచ్ ప్రైవేట్ కీ ఏదీ గిట్‌లోకి పోకూడదు, ప్రైవేట్ రిపో (మనకే కనపడే గిట్ ఫోల్డర్) అయినా సరే. లోకల్ ఫైళ్లని, గిట్ వదిలేయాల్సినవి రాసే గిట్‌ఇగ్నోర్‌లో మొదటి రోజే రాయండి. పొరపాటున టోకెన్ పుష్ అయితే ఆ లైన్ చెరిపి మళ్లీ కమిట్ చేసినా లాభం లేదు, పాత కమిట్‌లో అది అలాగే ఉంటుంది. ముందు టోకెన్ రద్దు చేసి కొత్తది తీసుకోండి. ఎస్‌ఎస్‌హెచ్ కీ ఏ సిస్టంకి ఆ సిస్టంలోనే చేసుకోండి. ల్యాప్‌టాప్ పోతే ఆ ఒక్క కీ తీసేస్తే సరిపోతుంది.

నాకు ప్రాణం లాంటి ఫైల్ ఒకటుంది, ఎక్స్‌కంపోజ్. కంపోజ్ కీ తర్వాత ఏ కీలు కొడితే ఏ అక్షరం పడాలో అందులో రాసుకుంటాం. తెలుగులో “సాఫ్ట్‌వేర్” అని రాయాలంటే ట కింద వ వత్తుగా దిగకుండా మధ్యలో కంటికి కనపడని అక్షరం ఒకటి పెట్టాలి, యూనికోడ్‌లో 200సీ. కంపోజ్ కీ కొట్టి రెండుసార్లు జెడ్ కొడితే అది పడేలా ఒక్క లైను రాసుకున్నాను. సంక్రాంతికి కందుకూరు వెళ్లినప్పుడు నాన్న సిస్టంలో నా డాట్‌ఫైల్స్ క్లోన్ చేసి (కాపీ దించి) స్టో కొట్టి లాగౌటై వచ్చేసరికి ఆ లైను పనిచేసింది. అమ్మ పొయ్యి మీద పెట్టిన టీ ఇంకా దిగలేదు.

మీ ఆఫీసు విండోస్ సంగతి. డబ్ల్యూఎస్‌ఎల్ (విండోస్ లోపల లినక్స్ నడిపేది) పెట్టనిస్తే దాని లోపల బ్యాష్, విమ్, గిట్ గురించి పైన చెప్పిందంతా యథాతథంగా నడుస్తుంది. క్లోన్ మాత్రం డబ్ల్యూఎస్‌ఎల్ లోపలి గిట్‌తోనే చేయండి. విండోస్ గిట్‌తో చేస్తే లైన్ చివర కనపడని సీఆర్ గుర్తు చేరి, బ్యాష్ తెరవగానే “కమాండ్ నాట్ ఫౌండ్” అని వరసగా తిడుతుంది. గిట్‌ఆట్రిబ్యూట్స్‌లో లైన్ ముగింపు ఎల్‌ఎఫ్ (లినక్స్ పద్ధతి) అని రాస్తే ఆ బెడద ఉండదు. డబ్ల్యూఎస్‌ఎల్ ఒప్పుకోకపోతే స్టో బదులు షెమ్వా (chezmoi) వాడండి. అది సిమ్‌లింకులు వేయకుండా ఫైళ్లనే రాసి పెడుతుంది కాబట్టి విండోస్‌లో అడ్మిన్ అనుమతి కోసం తిరగక్కర్లేదు. ఆ ల్యాప్‌టాప్‌లో ఏవైనా పెట్టుకునే ముందు మీ ఆఫీసు వాళ్లని ఒక మాట అడగండి. అన్నయ్య సిస్టం మాత్రం ఆఖరున ముట్టుకోండి, ముందు అందులో ఉన్న ఫైళ్లని వేరే ఫోల్డర్‌లో దాచి.