ఒత్తిడికి గురైన ఈస్ట్ కణంలో ఎంఆర్‌ఎన్‌ఏ త్వరగా నశిస్తుందా, నెమ్మదిగానా?

కణంలో చుక్కల్లా కనిపించే పి-బాడీలలో, ప్రొటీన్ తయారీకి సూచనలు మోసే ఎంఆర్‌ఎన్‌ఏను విచ్ఛిన్నం చేసే ఎంజైములు ఉంటాయి, ఒత్తిడి కలిగితే పి-బాడీలు పెరుగుతాయి, కాబట్టి ఒత్తిడిలో ఎంఆర్‌ఎన్‌ఏ మరింత వేగంగా నశించాలి కదా అని అడిగారు. పరిశోధనలో చేరిన మొదటి ఏడాది నేనూ సరిగ్గా ఇలాగే అనుకున్నాను. తర్కంలో లోపం కనబడదు, కానీ ఈస్ట్ కణం దాన్ని ఒప్పుకోదు. చాలా ఎంఆర్‌ఎన్‌ఏల విషయంలో, ముఖ్యంగా ఒత్తిడి తీవ్రంగా ఉన్నప్పుడు, జరిగేది దీనికి విరుద్ధం: విచ్ఛిన్నం మందగిస్తుంది.

మామూలు పరిస్థితిలో వరుస ఇది. ముందు ఎంఆర్‌ఎన్‌ఏ ఒక కొసనున్న పాలీ-ఏ తోక కురచ అవుతుంది. ఆ పని ప్రధానంగా సీసీఆర్4-నాట్ అనే ఎంజైము సముదాయానిది, కొంత పాన్2-పాన్3ది. తోక బాగా కురచయ్యాక డీసీపీ2 ఎంజైము రెండో కొసను కాపాడే టోపీని తీసేస్తుంది. టోపీ పోయిన ఎంఆర్‌ఎన్‌ఏను ఎక్స్‌ఆర్‌ఎన్1 అనే ఎంజైము ఆ కొస నుంచి నమిలేస్తుంది. ఇందులో సాధారణంగా నిదానంగా సాగేది మొదటి మెట్టే. గ్లూకోజ్ తీసేసినా, ఉప్పు గాఢతను బాగా పెంచినా, వేడి తగిలించినా ఈస్ట్‌లో పలు ఎంఆర్‌ఎన్‌ఏల ఆయుష్షు పెరుగుతుందనీ, ప్రధాన కారణం తోక కురచకావడం ఆగిపోవడమేననీ 2006లో వెలువడిన ఒక అధ్యయనం చూపింది. ప్రొటీన్ తయారీ ఆగింది కాబట్టే ఇలా జరుగుతోందని చెప్పి తప్పించుకోవడానికి కూడా వీల్లేదు. ఆ మార్పుతో నిమిత్తం లేకుండానే తోక కురచకావడం ఆగుతోందని అదే అధ్యయనం తేల్చింది.

ఇక నా అనుభవం. ఎంఎఫ్ఏ2 అనే ఎంఆర్‌ఎన్‌ఏ అర్ధాయుష్షు (సగం నశించడానికి పట్టే సమయం) నాలుగు నిమిషాల లోపే. కొత్తవాళ్లకు చేయి తిరగడానికి ఇచ్చే కొలత అది. నాకు మాత్రం ప్రతిసారీ దానికి రెండింతలకు పైగా వచ్చేది. ఆర్‌ఎన్‌ఏ తీసే పద్ధతి మార్చాను, ఆ ఎంఆర్‌ఎన్‌ఏను గుర్తుపట్టే ప్రోబ్ మార్చాను, దాన్ని కొలిచే నార్తర్న్ బ్లాట్ మళ్ళీ మళ్ళీ చేశాను. చివరికి మా ప్రయోగశాలలో ఒక సీనియర్ నా పక్కన నిలబడి చూసి ఒక్క ప్రశ్న వేశారు: "కణాలు చక్కెర లేకుండా ఎంతసేపు ఉన్నాయి?" నేను వాటిని సెంట్రిఫ్యూజ్‌లో దించి, చక్కెర లేని ద్రావణంతో రెండుసార్లు కడిగి, అప్పుడు కొత్త మాధ్యమంలో కలిపేవాణ్ని. అన్నీ కలిపి సుమారు పది నిమిషాలు. గ్లూకోజ్ పోయిన రెండు మూడు నిమిషాలకే ఈస్ట్‌లో ప్రొటీన్ తయారీ దాదాపు ఆగిపోతుంది. ఒత్తిడి లేని నమూనా అని నేను చీటీ అంటించినవి ఆకలితో ఉన్న కణాలు! మిగిలిన వాటిని మైక్రోస్కోపు కింద పెడితే, డీసీపీ2కు జోడించిన ఆకుపచ్చ ప్రొటీన్ దాదాపు ప్రతి కణంలోనూ చుక్కలు చుక్కలుగా మెరిసింది. చూడ్డానికి ఎంతో అందంగా ఉంది. నాకు మాత్రం ఏడుపొచ్చింది.

ఆ చుక్కలే మీ ప్రశ్నలోని పి-బాడీలు. ఎంజైములు ఒకచోట చేరినంత మాత్రాన పని ఎక్కువ జరుగుతోందని కాదు. ప్రొటీన్ తయారీ ఆగినప్పుడు ప్రొటీన్లను తయారుచేసే రైబోజోములు వదిలేసిన ఎంఆర్‌ఎన్‌ఏలు పోగుపడతాయి, వాటితో పాటు ఈ చుక్కలూ పెరుగుతాయి. గ్లూకోజ్ తిరిగి ఇస్తే ఆ ఎంఆర్‌ఎన్‌ఏలలో కొన్ని మళ్ళీ రైబోజోముల దగ్గరికి చేరి ప్రొటీన్ తయారీకి పనికొస్తాయి. అంటే అక్కడికి వెళ్ళినవన్నీ చావడం లేదు. పైగా ఈడీసీ3 అనే ప్రొటీన్ లేకుండా, ఎల్‌ఎస్‌ఎం4 అనే మరో ప్రొటీన్ చివరి భాగం తీసేసి, మైక్రోస్కోపులో కనిపించే పి-బాడీలు ఏర్పడని ఈస్ట్‌ను తయారుచేసి చూస్తే, ఎంఆర్‌ఎన్‌ఏ విచ్ఛిన్నం దాదాపు మామూలుగానే సాగింది.

అన్ని ఎంఆర్‌ఎన్‌ఏలూ ఒకే దారిలో నడుస్తాయని మాత్రం అనుకోకండి. ఉప్పు ఒత్తిడి ఓ మోస్తరుగా ఉన్నప్పుడు రైబోజోమ్ ప్రొటీన్ల ఎంఆర్‌ఎన్‌ఏలు త్వరగా పోయి, రక్షణకు అవసరమైనవి నిలబడతాయని చూపిన అధ్యయనాలు ఉన్నాయి. మోతాదు ఎంత, ఎన్నో నిమిషంలో కొలిచారు అన్నది చూడకుండా రెండు ఫలితాలను పక్కపక్కన పెట్టి పోట్లాడించడం అనవసరం. ఇంకొకటి: ఒత్తిడి తగలగానే సుమారు 600 జన్యువుల ఎంఆర్‌ఎన్‌ఏ మొత్తం తగ్గుతుందని 2000లోనే తేలింది. తగ్గింది కదా అని విచ్ఛిన్నం పెరిగిందనుకోకూడదు. కొత్తది తయారుకావడం ఆగినా నిల్వ తగ్గుతుంది.

విచ్ఛిన్నం వేగం కొలవాలంటే ముందు కొత్త ఎంఆర్‌ఎన్‌ఏ తయారీని (ట్రాన్స్‌క్రిప్షన్‌ను) ఆపాలి. మీ ప్రయోగానికి ఆ పద్ధతి ఎంచుకునేటప్పుడు కొంచెం జాగ్రత్త. ఆర్‌పీబీ1-1 అనే ఉత్పరివర్తనం (జన్యు మార్పు) ఉన్న ఈస్ట్‌లో ట్రాన్స్‌క్రిప్షన్ ఆపడానికి కణాలను 37 డిగ్రీలకు మార్చాలి. అదే ఒక వేడి దెబ్బ. ట్రాన్స్‌క్రిప్షన్ ఆపే థయోలుటిన్ వాడితే ఆ మందే విచ్ఛిన్నాన్ని కొంత అడ్డుకుంటుంది. గాల్ ప్రమోటర్‌ను (జన్యువును నడిపే ఒక స్విచ్‌ను) ఆపాలంటే మాధ్యమంలో గ్లూకోజ్ కలపాలి. మీరు పరీక్షించేది గ్లూకోజ్ లేమినే అయితే ఇక చెప్పేదేముంది! డాక్సీసైక్లిన్‌తో ఆపగలిగే ప్రమోటర్ అక్కడ నయం. కణాలను కడగడం మానేయండి. వడపోత కాగితం మీద క్షణాల్లో పట్టి, వెంటనే ద్రవ నైట్రోజన్‌లో వేసేయండి. ఒత్తిడి లేని నమూనాను ఒకసారి మైక్రోస్కోపు కింద చూడండి. చుక్కలు కనిపిస్తే ఆ రోజు కొలతలు పక్కన పెట్టి మళ్ళీ మొదలుపెట్టండి.