డబ్బా పారేయకు

చిన్నీ,

మొన్న రాత్రి మీ నాన్న హైదరాబాద్ నుంచి ఫోన్ చేసి, "నీ పిచ్చి దానికీ అంటుకుందక్కా" అన్నాడు. లీడ్స్‌లో వచ్చిన తొలి జీతంతో, రెండో ప్రపంచ యుద్ధంలో బాంబర్ విమానమెక్కి పోయిన కుర్రాడి మెడళ్లు కొంటావట. ముందు నవ్వొచ్చింది. తర్వాత నిద్ర పట్టలేదు.

బేరమాడు. రసీదు తీసుకో. ఇత్తడి చెంబు కాదు, తళతళలాడాలని తోమకు. ఎయిర్‌క్రూ యూరప్ స్టార్ అని నక్షత్రం ఆకారంలో ఉండే మెడల్‌కి నకిలీలు ఎక్కువ. 1944 జూన్ 5 లోపు యూరప్ మీదికి యుద్ధానికి ఎగిరినవాళ్లకే ఇచ్చారది. ఆ తేదీ తర్వాతే మొదటిసారి యుద్ధానికి ఎగిరి పోయిన కుర్రాడి సెట్టులో కనబడిందంటే, ఆ అమ్మేవాడికో దండం పెట్టి వచ్చేయ్. కొనేముందు లండన్‌లో క్యూ అనే చోటికి వెళ్లి, అక్కడి నేషనల్ ఆర్కైవ్స్‌లో ఆ కుర్రాడి స్క్వాడ్రన్, అంటే విమాన దళం, రోజువారీ రికార్డు చూడు. ఏ రాత్రి బయల్దేరాడో, పక్కన ఇంకెవరున్నారో ఉంటుంది.

నాకీ పిచ్చి పట్టించింది మన ఊరి పేరే. లింకన్ ఆస్పత్రిలో ఒక పేషెంటు తండ్రి "మీదే ఊరమ్మా" అని అడిగి, చెప్పగానే లేచి కూర్చున్నాడు. బ్రిటన్ వైమానిక దళంలో 110వ స్క్వాడ్రన్ పేరే హైదరాబాద్ అట! మొదటి యుద్ధంలో విమానాలకు నిజాం డబ్బిచ్చాడని ఆ పేరు. 1939 సెప్టెంబర్ 4న, అంటే యుద్ధం ప్రకటించిన మర్నాడే, విల్‌హెల్మ్స్‌హావెన్ దగ్గర జర్మన్ ఓడల మీదికి దాని బ్లెన్‌హైమ్ బాంబర్ విమానాలు ఐదు వెళ్లాయి. ఒకటి తిరిగి రాలేదు. ఆ రాత్రి ఇంటికొచ్చి మీ మామయ్యకు ఎన్నిసార్లు చెప్పానో.

ఇక అసలు సంగతి. ఇది మీ నాన్నకు కూడా తెలీదు.

1986లో శనివారం సంతలో రెండు అట్టడబ్బాలు కొన్నాను. అరచేతిలో పట్టేంతవి, పైన తల్లి పేరు, ఇంటి అడ్రసు. పోస్టులో వచ్చినవి. ఒక్కోదాంట్లో మూడేసి మెడళ్లు, పోయినవాడి పేరున్న చీటీ. సాహసానికిచ్చే డీఎఫ్‌ఎం మెడల్‌కైతే అంచు మీద పేరుంటుంది. ఆస్ట్రేలియా కుర్రాళ్ల స్టార్ల మీదా చెక్కారు. బ్రిటన్ పిల్లల స్టార్ల మీద మాత్రం ఏమీ ఉండదు. వెనక్కి తిప్పితే నున్నగా ఉంటాయి. అంటే ఆ డబ్బా, ఆ చీటీయే వాడి పేరు.

సంక్రాంతికి బొమ్మల కొలువు పెట్టాను. ఒక మెట్టు మీద నీలం వెల్వెట్ పరిచి ఆరింటినీ వరసగా పేర్చాను, వచ్చినవాళ్లు మెచ్చుకోవాలని. పండగయ్యాక ఆరూ ఒకే స్వీట్ల టిన్నులో పోశాను. డబ్బాలు రంగు కాగితాలతోపాటు చెత్తలోకి పోయాయి. చీటీలు మాత్రం పుస్తకంలో పెట్టాను కాబట్టి మిగిలాయి.

ఇరవై ఏడేళ్లు ప్రసూతి వార్డులో చేశాను చిన్నీ. మణికట్టుకు పట్టీ కట్టందే ఏ బిడ్డనూ తల్లి పక్కనుంచి కదలనివ్వలేదు. అలాంటిదాన్ని, ఇద్దరు తల్లుల పిల్లల్ని కలిపేశాను.

నాలుగేళ్ల తర్వాత ఒకడి చెల్లెలు వెతుక్కుంటూ వచ్చింది. డెబ్భైకి దగ్గరపడిన మనిషి. "మా అన్నయ్యవి ఏవి?" అంది. ఆరూ బల్ల మీద పెట్టాను. ఒక్కొక్కటీ వెనక్కి తిప్పి చూస్తోంది. టీ పెట్టే మిషతో వంటింట్లోకి పోయాను. తిరిగొచ్చేసరికి మూడు గుప్పిట్లో పట్టుకుని కూర్చుంది. ఏం చూసి ఏరుకుందో అడగలేదు. డబ్బులు తీసుకోలేదు.

బ్రిటన్ బాంబర్ విమానాల దళం బాంబర్ కమాండ్‌లో ఎగిరిన లక్షా పాతిక వేలమందిలో 55,573 మంది పోయారని తడుముకోకుండా చెప్పేదాన్ని. ఆరోజు నుంచి ఆ అంకె నోటికి రావడం లేదు.

మిగిలిన మూడూ నా బీరువాలో ఉన్నాయి. ఆ పిల్లాడికి సమాధి లేదు, పేరు రన్నీమీడ్‌లో, సమాధి లేని వైమానికుల స్మారకం గోడ మీద ఉంది. ఈ ఎండాకాలం నన్ను తీసుకెళ్లు, మోకాళ్లు సహకరిస్తే.

కొన్నాక నేరుగా ఇక్కడికి రా. పప్పుచారు పెడతాను, ఎండలేక చిక్కిపోయావని మీ అమ్మ ఏడుస్తోంది. డబ్బా మాత్రం దారిలో విప్పకు.

మీ అత్తయ్య