పిల్లల వేసవి ఆటలు: వడదెబ్బ కన్నా ముందు నీళ్ల దగ్గర జాగ్రత్త

ప్రశ్న: మాది చెన్నై, వేళచ్చేరి. బాబుకు 11 ఏళ్లు, పాపకు 6. సెలవులకు బెంగళూరు నుంచి మా అక్క పిల్లలిద్దరు వచ్చారు. పొద్దున అపార్ట్‌మెంట్ స్విమ్మింగ్ పూల్, మధ్యాహ్నం కింద క్రికెట్, ఆదివారం సాయంత్రం బెసెంట్ నగర్ బీచ్. ఎక్కడ వడదెబ్బ తగులుతుందో అని భయంగా ఉంది. గ్లూకోజ్ నీళ్లు తాగిస్తున్నాం, సన్‌స్క్రీన్ రాస్తున్నాం. ఇంకేం చేయాలి? తిన్న వెంటనే ఈతకు దిగితే ప్రమాదమా? - ఒక పాఠకురాలు

జవాబు: కత్తిరి (మే నెల మండుటెండల) రోజుల్లో చెన్నైలో ఉన్న తల్లికి ముందు గుర్తొచ్చేది వడదెబ్బే. కానీ మీరు రాసిన మూడింటిలో నేను ఎక్కువ భయపడేది పూల్‌కీ బీచ్‌కీ. వడదెబ్బ తలనొప్పి, నీరసం, వాంతి అంటూ ఏవో సూచనలిస్తూ వస్తుంది. నీళ్లు అంత వ్యవధి ఇవ్వవు. అందుకే ముందు వాటి సంగతి.

మునిగిపోతున్న పిల్లలు చేతులూపుతూ కేకలు పెడతారని అనుకుంటాం. చాలాసార్లు అలా జరగదు. నోరు నీటిపైకి వచ్చిన ఆ క్షణం ఊపిరి తీసుకోవడానికే చాలదు, ఇక అరిచేదెప్పుడు? చేతులు పక్కలకు చాచి నీటిని కిందికి నొక్కుతుంటారు. ఒళ్లు నిటారుగా, తల వెనక్కి వాలి ఉంటుంది, కాళ్లు ఆడించరు. గట్టు మీద నుంచి చూస్తే నీళ్లలో నిలబడి ఆడుకుంటున్నట్టే ఉంటుంది. నిమిషం లోపే మునిగిపోతారు. కాబట్టి చప్పుడు వినిపిస్తే వెళ్దాం అనుకుని గట్టు మీద కబుర్లలో పడితే లాభం లేదు.

నలుగురు పిల్లలు నీళ్లలో ఉన్నంతసేపు ఒక్క పెద్దమనిషి పని చూడటమే అయి ఉండాలి. చేతిలో ఫోన్ వద్దు. అందరం ఉన్నాం కదా అనుకున్న చోటే ఎవరూ చూడరు. అందుకని 15, 20 నిమిషాలకొకరు వంతు వేసుకోండి, వంతు మారేటప్పుడు 'ఇక నువ్వు చూడు' అని నోటితో చెప్పి మరీ మారండి. ఆరేళ్ల పిల్ల ఎత్తు సుమారు 115 సెంటీమీటర్లు. 4 అడుగుల లోతంటే 122 సెంటీమీటర్లు. అంటే పెద్దలకు ఛాతీ దాకా వచ్చే నీళ్లు పాపకు తల మునిగేవే. ఆమెతో ఉన్నవాళ్లు చెయ్యి చాస్తే అందేంత దూరంలో, నీళ్లలోనే ఉండాలి. చేతులకు తొడిగే గాలి బ్యాండ్లు, నడుముకు వేసుకునే ట్యూబు ఆటవస్తువులు మాత్రమే. అవి జారిపోతాయి, గాలి దిగిపోతాయి, పైగా పెద్దలకు అనవసరపు ధైర్యం ఇస్తాయి. ఈత దుస్తులు నీలం రంగువి కొనకండి, నీటి అడుగున ఆ రంగు కనిపించదు. ముదురు నారింజ, మెరిసే గులాబీ రంగులైతే మేలు.

మీ అపార్ట్‌మెంట్ వాళ్లను రెండు విషయాలు అడగండి. పూల్ అడుగున నీళ్లు లాగే తూము మీద జాలీ సరిగా ఉందా? పంపు ఆపే స్విచ్ ఎక్కడుంది? జాలీ విరిగినా ఊడినా పొడవాటి జుట్టు అందులో చిక్కుకుంటుంది, ఆ లాగుడు ముందు పెద్దవాళ్ల బలం కూడా చాలదు. ఆడపిల్లలకు జడ ముడివేసి టోపీ పెట్టండి. ఆట అయ్యాక బంతులు, బొమ్మలు నీళ్లలో వదలొద్దు. వాటికోసమే చిన్నపిల్లలు ఒంటరిగా గట్టు దగ్గరికి వెళ్తారు.

పెద్ద పిల్లలతో ఇంకో సమస్య, ఎవరు ఎక్కువసేపు ఊపిరి బిగబడతారనే పందెం. ముందు గబగబా పెద్ద ఊపిర్లు తీసి మునుగుతారు. అలా తీస్తే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పడిపోతుంది. 'ఇక ఊపిరి తీసుకో' అని మెదడును తొందరపెట్టేది అదే. ఆ హెచ్చరిక రాకముందే ఆక్సిజన్ తగ్గి, పిల్లాడు నీటి అడుగున చప్పుడు లేకుండా స్పృహ తప్పుతాడు. బాగా ఈత వచ్చినవాళ్లే ఇలా పోతుంటారు. ఈ పందెం, తల ముందు పెట్టి దూకడం, రెండూ పూర్తిగా మాన్పించండి. తక్కువ లోతులో తలకిందులుగా దూకితే మెడ ఎముక విరిగి కాళ్లూ చేతులూ పడిపోవచ్చు.

ఎవరైనా మునిగితే బయటికి తీసి, పిలిచి చూడండి. పలకకపోతే, ఊపిరి మామూలుగా లేకపోతే, పొట్ట నొక్కి నీళ్లు కక్కించే ప్రయత్నం చేయకండి. పిల్లాణ్ని తలకిందులుగా పట్టుకుని ఊపడం అంతకన్నా తప్పు. కడుపులోని నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోతాయి, విలువైన సమయమూ పోతుంది. ఇక్కడ లోపించింది ఆక్సిజన్, కాబట్టి ముందు ఇవ్వాల్సింది ఊపిరే. వెల్లకిలా పడుకోబెట్టి, తల కొద్దిగా వెనక్కి వంచి, గడ్డం పైకెత్తి, ముక్కు మూసి, నోట్లో నోరు పెట్టి ఛాతీ లేచేదాకా సెకను చొప్పున 5 సార్లు ఊదండి. తర్వాత రొమ్ము ఎముక కింది సగం మీద 30 సార్లు నొక్కి, 2 సార్లు ఊదండి. నిమిషానికి 100 నుంచి 120 వేగంతో, ఛాతీ మందంలో మూడో వంతు, సుమారు 5 సెంటీమీటర్లు దిగాలి. రెండో మనిషి 108కి ఫోన్ చేయాలి. మీరొక్కరే ఉంటే ఫోన్ స్పీకర్‌లో పెట్టి మొదలుపెట్టండి, ఆంబులెన్స్ వచ్చేదాకా ఆపకండి. మునిగి తేలిన పిల్లలు బాగానే కనిపించినా, దగ్గు, ఆయాసం, మగత ఏది ఉన్నా ఆస్పత్రిలో కొన్ని గంటలు పరిశీలనలో ఉంచాలి. ఏ ఇబ్బందీ లేకుండా మామూలుగా ఆడుకుంటున్న పిల్లలకు ఎన్నో రోజుల తర్వాత ఉన్నట్టుండి ఏదో అవుతుందని వాట్సాప్‌లో తిరిగే 'డ్రై డ్రౌనింగ్' కథలను నమ్మనక్కర్లేదు.

ఇక సముద్రం. బెసెంట్ నగర్ బీచ్‌లో మీరు చూసిన తెల్లటి ష్మిట్ స్మారకం, 1930 డిసెంబరు 30న అక్కడ ఇతరులను కాపాడబోయి మునిగిపోయిన వ్యక్తి పేరున కట్టింది. ఆ తీరం ఎప్పటినుంచో అంతే. అల వెనక్కి పోతూ కాళ్ల కింది ఇసుకను తోడేస్తుంది, మోకాలి లోతున ఉన్నవాళ్లు కూడా కూలబడతారు. తర్వాతి అల లోపలికి లాగేస్తుంది. పిల్లల్ని పాదాలు తడిసే చోటే ఆపండి, చెయ్యి వదలొద్దు. వరసగా చేతులు పట్టుకుని నిలబడటం కూడా పనికిరాదు, ఒకరు జారితే అందరూ జారతారు. అలలు విరగకుండా నీళ్లు ప్రశాంతంగా కనిపించే సందు ఉంటుంది చూశారా, చాలామంది అదే మంచి చోటనుకుంటారు. ఒడ్డుకొచ్చిన నీళ్లన్నీ తిరిగి లోపలికి పోయే దారి తరచూ అదే. అందులో చిక్కితే ఒడ్డుకేసి ఈదితే అలసిపోవడమే మిగులుతుంది. తేలుతూ, తీరానికి సమాంతరంగా పక్కకు ఈది, ఆ ప్రవాహం దాటాక ఒడ్డుకు రావాలి. కొట్టుకుపోతున్నవాళ్లను చూసి నీళ్లలోకి దూకకండి. ముడివేసిన చున్నీలు, మూత బిగించిన ఖాళీ వాటర్ క్యాన్, ఏది దొరికితే అది విసరండి, కేకవేసి జాలర్లనూ పోలీసులనూ పిలవండి.

ఇప్పుడు ఎండ. కర్నూలులో 42 డిగ్రీల పొడి ఎండకూ చెన్నైలో 37 డిగ్రీల ఉక్కకూ తేడా ఉంది. ఒళ్లు చల్లబడేది చెమట కారితే కాదు, ఆరితే. ఇక్కడ గాలిలోనే తేమ నిండి ఉంటుంది కాబట్టి చెమట ఆరదు. సముద్రపు గాలి రావడం ఆలస్యమైన రోజు మరీ కష్టం. క్రికెట్‌ను పొద్దున 9 లోపు, లేదా సాయంత్రం 5 తర్వాతకు మార్చండి. ఈ విషయంలో బేరం వద్దు. బెంగళూరు పిల్లల ఒంటికి ఈ వేడి అలవాటు కావడానికి 7 నుంచి 14 రోజులు పడుతుంది. మొదటి మూడు, నాలుగు రోజులు అరగంటకు మించి ఆడనివ్వకండి, తర్వాత కొద్దికొద్దిగా పెంచండి. 9 నుంచి 12 ఏళ్ల పిల్లలు ఆడుతున్నంతసేపు ప్రతి 20 నిమిషాలకూ 100 నుంచి 250 మిల్లీలీటర్లు తాగాలి, దాహం వేసిందని చెప్పేదాకా ఆగొద్దు. జ్వరం, విరేచనాలు తగ్గిన మర్నాడే ఆటకు పంపొద్దు.

గ్లూకోజ్ పొడి అంటే చక్కెరే, అందులో చెమటతో పోయిన ఉప్పు ఉండదు. మామూలు ఆటకు నీళ్లు, కాస్త ఉప్పు వేసిన పల్చటి మజ్జిగ చాలు, ఆ పక్కన తాటి ముంజలు దొరికితే ఇంకా బాగు. ఎక్కువ చెమట పట్టినా, వాంతులైనా ఓఆర్‌ఎస్. పెద్ద ప్యాకెట్టు మొత్తం 1 లీటరు నీళ్లలో ఒకేసారి కలపాలి. కొంచెం కొంచెంగా వేస్తే ఉప్పు పాళ్లు తప్పుతాయి. కలిపింది 24 గంటలు దాటితే పారబోయండి. డబ్బాల్లో వచ్చే తీపి పానీయాల మీద ఓఆర్‌ఎస్ అని రాయొద్దని కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2025 అక్టోబరులో ఆదేశించింది. అయినా కొనేటప్పుడు లేబుల్ చదవండి.

పిల్లాడు తూలుతున్నా, పొంతన లేకుండా మాట్లాడినా, ఫిట్స్ వచ్చినా, అది వడదెబ్బే అనుకుని మొదలుపెట్టండి. చెమట ఆగిపోయిందా అని చూస్తూ కూర్చోవద్దు, ఆడుతూ పడిపోయినవాళ్లకు చెమట పట్టే ఉండొచ్చు. ముందు చల్లబరచండి, తర్వాతే ఆస్పత్రి. నీడకు తెచ్చి, బట్టలు తీసి, బకెట్ల కొద్దీ చల్లటి నీళ్లు పోస్తూనే ఉండండి, ఫ్యాన్ పెట్టండి. పెద్ద టబ్బు ఉంటే తల నీటిపైన ఉండేలా పట్టుకుని మెడ దాకా ముంచడం ఇంకా మంచిది. ఐస్ ఉంటే గుడ్డలో చుట్టి మెడ, చంకలు, గజ్జల దగ్గర పెట్టండి. తడిగుడ్డతో తుడిచి వదిలేస్తే ఈ ఉక్కలో అది ఆరదు, చల్లబరచదు. స్పృహ సరిగా లేనివాళ్లకు ఏదీ తాగించకండి, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పారాసిటమాల్ ఇక్కడ పనిచేయదు. జ్వరంలో మెదడే వేడి మట్టం పెంచుకుంటుంది, మందు దాన్ని దించుతుంది. వడదెబ్బలో ఆ మట్టం మారదు, వేడి బయటికి పోయే దారే లేదు.

తిన్న వెంటనే ఈతకు దిగితే మునిగిపోతారనేదానికి పెద్ద ఆధారం లేదు. కడుపునిండా బిర్యానీ తిన్నాక గంట ఆగితే ఒంటికి సుఖం, అంతే. ఈత అయ్యాక చెవుల్లో ఇయర్‌బడ్ పెట్టకండి. తల పక్కకు వంచి, చెవి బయట తువ్వాలుతో తుడిస్తే సరిపోతుంది.

క్రికెట్‌లో కార్క్ బాల్ బదులు టెన్నిస్ బాల్ ఇవ్వండి. మీ బాబుకు బంతి తగిలి ముందు పన్ను ఊడితే పారేయకండి, 11 ఏళ్లకు అది శాశ్వత పన్ను. వేరు ముట్టుకోకుండా తెల్లటి భాగం పట్టుకుని, మట్టి ఉంటే పాలతో కడిగి, వీలైతే అదే గుంతలో పెట్టి గుడ్డ కొరికించండి. లేదంటే పాలలో వేసి అరగంట లోపు దంత వైద్యుడి దగ్గరికి చేరండి. ఆరేళ్ల పాపకు ఊడింది పాలపన్ను అయితే తిరిగి పెట్టకూడదు. కంటికి దెబ్బ తగిలితే నలపొద్దు, చుక్కలు వేయొద్దు. కంటి మీద ఒత్తిడి పడకుండా కాగితం కప్పు బోర్లించి, టేపు అంటించి తీసుకెళ్లండి.

చివరిగా, ఈ ప్రశ్నలో లేకపోయినా, ఆగి ఉన్న కారు. ఎండలో తలుపులు మూసిన కారు లోపల 10 నిమిషాల్లోనే సుమారు 10 డిగ్రీలు పెరుగుతుంది, అద్దం కొంచెం దించినా పెద్ద తేడా రాదు. దాగుడుమూతలాడే పిల్లలు డిక్కీలోనో వెనక సీట్లోనో దాక్కుంటారు. కారు ఎప్పుడూ లాక్ చేసి, తాళాలు అందని చోట పెట్టండి. పిల్లలు కనిపించకపోతే ముందు పూల్, వెంటనే పార్కింగ్ వెతకండి.