అక్కకు చెప్పని చదువు

ప్రశ్న: నా వయసు 26. నాన్న పోయి తొమ్మిదేళ్లయింది. అమ్మ ఊళ్లోనే ఉంటుంది. అక్క విజయవాడలో ఒక ప్రైవేట్ ఆసుపత్రిలో నర్సు. నా డిగ్రీ, ఎంఏ ఫిలాసఫీ అక్క జీతం మీదే నడిచాయి. ఎంఏలో 61 శాతం వచ్చింది. 20 నెలలుగా హైదరాబాద్ అశోక్‌నగర్‌లో గది తీసుకుని ఉంటున్నాను. గ్రూప్-2 కోచింగ్ కోసమని అక్క నెలకు 9 వేలు పంపుతోంది. కోచింగ్‌కు వెళ్లింది మొదటి మూడు నెలలే. అప్పటి నుంచి చదువుతున్నదంతా నీతిశాస్త్రం, రాజకీయ తత్వశాస్త్రమే. ఈ రంగంలోనే పీహెచ్‌డీ చేసి ప్రొఫెసర్ కావాలన్నది నా కోరిక. నాకు రెండు సందేహాలు. ఇక్కడే ప్రయత్నించాలా, నేరుగా అమెరికాకో ఇంగ్లండ్‌కో దరఖాస్తు పెట్టుకోవాలా? అమెరికన్ తత్వవేత్త రాల్స్ మీద పనిచేస్తే మంచిదా, అంబేడ్కర్ మీదా? అక్కకు ఇంకా ఏమీ చెప్పలేదు. జేఆర్ఎఫ్ (పరిశోధనకు నెలనెలా ఇచ్చే ఫెలోషిప్) వచ్చాక చెబుదామనుకుంటున్నాను. తనకు 31 ఏళ్లు. నేను స్థిరపడ్డాకే పెళ్లి అంటోంది.
- ఒక తమ్ముడు

సమాధానం: మీ రెండు సందేహాలకూ జవాబు చెబుతాను. కానీ ఉత్తరం చివర రాసిన నాలుగు ముక్కల్ని మీరు సందేహాల లెక్కలో వేయలేదు. నాకు మాత్రం సమస్యంతా అక్కడే కనిపించింది.

కోచింగ్‌కు నిజంగా వెళ్లిన మూడు నెలలు తీసేయండి. మిగిలినవి 17 నెలలు. నెలకు 9 వేల చొప్పున లక్షా 53 వేలు. ఈ డబ్బు అక్క దేనికని పంపిందో దానికి ఖర్చు కాలేదు. జర్మన్ తత్వవేత్త కాంట్ 1785లో ఇచ్చిన ఉదాహరణ మీకు కంఠతా వచ్చే ఉంటుంది. తిరిగి ఇవ్వలేనని తెలిసీ, ఇస్తానని మాటిచ్చి అప్పు అడిగే మనిషి గురించి పరీక్షలో పదిసార్లు రాసి ఉంటారు. 'నేను అలా కాదు, ఉద్యోగం రాగానే పైసాతో సహా ఇస్తాను' అంటారేమో. ఇస్తారు, నేనూ నమ్ముతున్నాను. కానీ ఆ ఉదాహరణలో తప్పు బాకీ ఎగ్గొట్టడం దగ్గర మొదలు కాలేదు. అసలు సంగతి తెలిస్తే ఇచ్చే మనిషి సరేనని ఉండేది కాదేమో. కాదనే ఆ అవకాశమే ఇచ్చే మనిషికి లేకుండా చేయడం దగ్గర మొదలైంది. డబ్బు తిరిగిచ్చినంత మాత్రాన అది సరికాదు.

డబ్బు కన్నా పెద్ద విషయం ఇంకోటుంది. గ్రూప్-2 అంటే అక్క లెక్కలో రెండేళ్లు, మహా అయితే మూడేళ్లు. ఆ తర్వాత తమ్ముడికి జీతం, తనకు పెళ్లి. మీ అసలు లెక్క వేరు. జేఆర్ఎఫ్ కోసం రాయాల్సిన నెట్ పరీక్షకు ఇంకో ఏడాది వేసుకోండి. 2022 నాటి యూజీసీ నిబంధనల ప్రకారం పీహెచ్‌డీకి కనీసం మూడేళ్లు, గరిష్ఠంగా ఆరేళ్లు. ఫిలాసఫీలో ఐదేళ్లకు పూర్తయితే బాగా చేసినట్టే. ఆపైన పర్మనెంట్ పోస్టు దొరికే దాకా గెస్ట్ ఫ్యాకల్టీగానో, కాంట్రాక్టు మీదో ఒకటి రెండేళ్లు. అంతా సవ్యంగా జరిగినా అప్పటికి మీకు 34, అక్కకు 39. ఆమె తన బతుకును ఒక క్యాలెండర్ చూసి నడుపుకుంటోంది. ఆ క్యాలెండర్ తప్పని తెలిసిన మనిషి ఈ ఇంట్లో మీరొక్కరే.

జేఆర్ఎఫ్ వచ్చాక చెబుతాననడం ఆలస్యం చేయడానికి ఒక సాకు. జేఆర్ఎఫ్ చేతిలో పెట్టి చెబితే అక్క ఏమీ అనలేదు. ఏడ్చినా, సంతోషంతోనే అని సర్దుకుంటుంది. ఏమీ అనలేని రోజు చూసి నిజం చెప్పడం అంటే ఆమె మాటను ముందే కట్టేయడం. నేను ఒప్పుకోను. ఇప్పుడే, చేతిలో ఏమీ లేనప్పుడే, ఆమె కాదనగలిగినప్పుడే చెప్పండి.

'అక్క ఋణం తీర్చుకోలేను' అని మన ఇళ్లల్లో సులువుగా అంటాం. మీరు చదివే శాస్త్రంలోనే దీని మీద గట్టి చర్చ ఉంది. పిల్లలు అమ్మానాన్నలకు అప్పు పడినట్టు మాట్లాడటమే తప్పని, అడగకుండా ప్రేమతో చేసింది అప్పు కాదని తత్వవేత్త జేన్ ఇంగ్లిష్ 1979లో వాదించింది. అప్పు, కృతజ్ఞత, స్నేహం అనే మూడు లెక్కలూ చాలవని చూపి, ఆ బంధంలోనే దొరికే మేళ్ల నుంచి బాధ్యత పుడుతుందని మరో తత్వవేత్త సైమన్ కెల్లర్ 2006లో రాశాడు. మన వైపు చూస్తే నెట్ సిలబస్‌లో భారతీయ నీతిశాస్త్రం యూనిట్‌లో ఋణం ఉండనే ఉంది. దేవ ఋణం యజ్ఞంతో, పితృ ఋణం సంతానంతో, ఋషి ఋణం అధ్యయనంతో తీరుతాయంటారు. చదువుతో తీరే ఋణం ఒకటుందని మీరు తృప్తి పడొచ్చు. కానీ ఈ మూడింటిలో అక్కకు పద్దు లేదు. తన పెళ్లి ఆపుకుని తమ్ముణ్ని చదివించిన మనిషికి ఏం చెల్లించాలో అక్కడా రాయలేదు, ఇక్కడా రాయలేదు. అది మీరే తేల్చుకోవాలి, ఆమెతో కూర్చుని.

ఫోన్‌లో చెప్పకండి. విజయవాడ వెళ్లండి. నైట్ డ్యూటీ దిగి వచ్చిన పూట కదపకుండా, సెలవు రోజు చూసుకోండి. అక్కడ ఫిలాసఫీ గొప్పతనం మీద ఉపన్యాసం వద్దు. ఒక తెల్లకాగితం పట్టుకెళ్లండి. పైన లక్షా 53 వేలు అని రాయండి. దాని కింద మీరు ఎన్ని నెట్‌లు రాస్తారో, ఏ నెలలో ఆపేస్తారో రాయండి. జూన్, డిసెంబరు సెషన్లు కలిపి మూడు ప్రయత్నాలు నా దృష్టిలో సరైన హద్దు. ఆ కింద, ఈ నెల నుంచి అక్క పంపాల్సింది సున్నా అని రాయండి. గది అద్దె, మెస్ బిల్లు మీరే సంపాదించుకోవాలి. సివిల్స్ మెయిన్స్‌లో 2013 నుంచి 250 మార్కుల ఎథిక్స్ పేపర్ ఉంది. కోచింగ్ సెంటర్లలో ఆ జవాబులు దిద్దే పనికి ఫిలాసఫీ ఎంఏ వాళ్లు పనికొస్తారు. మీరుండే వీధిలోనే అడిగి చూడండి. రోజుకు నాలుగు గంటలు దానికి పోయినా, ఆరు గంటలు చదువుకోవచ్చు.

తర్వాత పెళ్లి మాట ఎత్తండి, తమ్ముడిగా మీరే ఎత్తాలి. 'నా ఉద్యోగంతో ముడిపెట్టొద్దు, నీకు చేసుకోవాలని ఉందా, ఎప్పుడు?' అని సూటిగా అడగండి. చేసుకోనంటే అది ఆమె ఇష్టం. చేసుకుంటానంటే సంబంధాలు చూడటానికి ఈ ఏడే కదలండి. మీ థీసిస్‌కు గడువు పొడిగింపు దొరుకుతుంది, ఆమె వయసుకు దొరకదు.

కోప్పడితే పడనివ్వండి. రెండు నెలలు మాట్లాడకపోవచ్చు. అమ్మ ద్వారా, మేనమామ ద్వారా రాయబారాలు నడపకండి.

ఇక మీ సందేహాలు. అమెరికాలో మంచి విభాగాలు పీహెచ్‌డీకి ఫీజు మాఫీ చేసి ఐదేళ్లపాటు స్టైపెండ్ ఇస్తాయి, బదులుగా టీచింగ్ అసిస్టెంట్‌గా పని చేయాలి. పేరున్న చోట ఏటా పది మందిని కూడా తీసుకోరు, దరఖాస్తులు వందల్లో వస్తాయి. గడువులు డిసెంబరు, జనవరిలో ముగుస్తాయి. పది చోట్లకు ఫీజులు, ఇంగ్లిష్ పరీక్ష కలిపి లక్ష రూపాయలకు దగ్గరగా అవుతుంది. చాలా యూనివర్సిటీల్లో ఫీజు మినహాయింపు అడగొచ్చు, అడగండి. అక్కడ మిమ్మల్ని నిలబెట్టేది మార్కుల కన్నా 15, 20 పేజీల రైటింగ్ శాంపిల్. మనవాళ్లు దెబ్బతినేది అందులోనే. ఎంఏ డిసర్టేషన్ కత్తిరించి, ఐదుగురు తత్వవేత్తలు ఏమన్నారో వరసగా చెప్పి పంపిస్తారు. ఒక వాదం, దానికి బలమైన ఒక ఆక్షేపణ, ఆ ఆక్షేపణకు మీ జవాబు ఉండాలి. మీ రాత చదివిన ముగ్గురు మాస్టార్లు సిఫారసు ఉత్తరాలు ఇవ్వాలి. 20 నెలలుగా గదిలో ఒంటరిగా చదివిన మీకు ఆ ముగ్గురు ఉన్నారా? లేకపోతే ఈ ఏడాది అమెరికా వద్దు. ఇంగ్లండ్‌లో ఏడాది మాస్టర్స్‌కు సాధారణంగా సొంత డబ్బే పెట్టుకోవాలి. దానికోసం బ్యాంకులో అక్క చేత పూచీ సంతకం పెట్టించే ఆలోచన కలలో కూడా రానీయకండి.

కాబట్టి ముందు నెట్. మూడు గంటలు, 150 ప్రశ్నలు, 300 మార్కులు, తప్పు జవాబుకు కోత లేదు. ఫిలాసఫీలో పది యూనిట్లుంటే భారతీయ, పాశ్చాత్య నీతిశాస్త్రాలు, సామాజిక రాజకీయ తత్వం కలిపి నాలుగు మీవే. మిగిలిన ఆరింటిలోనే మీలాంటివాళ్లు బోల్తా పడతారు, ముఖ్యంగా ప్రమాణాల (జ్ఞానం ఎలా కలుగుతుందనే) చర్చలో, లాజిక్‌లో. లాజిక్ రోజూ గంట చేయండి, చేతితో పట్టికలు వేసి. అక్కడ జవాబు ఒకటే ఉంటుంది, వాదించే పని లేదు. అందరికీ ఉమ్మడిగా ఉండే పేపర్-1లో డేటా, రీజనింగ్ లెక్కలకు ఆ మూడు నెలల గ్రూప్స్ కోచింగ్ అక్కరకొస్తుంది. జేఆర్ఎఫ్‌కు వయోపరిమితి 30. బీసీ, ఎస్సీ, ఎస్టీ వర్గాలకు, మహిళలకు ఐదేళ్ల సడలింపు ఉంది. 2023 జనవరి నుంచి మొదటి రెండేళ్లు నెలకు 37 వేలు, తర్వాత 42 వేలు. కానీ ఫలితం వచ్చిన నెల నుంచే డబ్బు రాదు. పీహెచ్‌డీలో చేరాలి, కాగితాలు కదలాలి, మొదటి విడత చేతికందడానికి నెలలు పట్టడం మామూలే. జేఆర్ఎఫ్ రాకుండా కేంద్రీయ విశ్వవిద్యాలయంలో చేరితే నాన్-నెట్ ఫెలోషిప్ నెలకు 8 వేలు. అది అక్క పంపే దానికన్నా తక్కువ. కాగితం మీద ఆ అంకె కూడా వేయండి.

హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ, ఉస్మానియా, ఆంధ్ర, శ్రీవేంకటేశ్వర, వీటన్నిటిలో ఫిలాసఫీ విభాగాలున్నాయి. దరఖాస్తుకు ముందు గైడ్ గురించి వాకబు చేయండి. పదవీ విరమణకు మూడేళ్ల లోపున్న వారు కొత్త స్కాలర్లను తీసుకోకూడదు. ప్రొఫెసర్‌కు ఎనిమిది మంది, అసోసియేట్‌కు ఆరుగురు, అసిస్టెంట్‌కు నలుగురే. ఖాళీ లేని గైడ్ పేరు రాసుకుని వెళ్లి నిరాశపడినవాళ్లు ఎందరో. ఉద్యోగం విషయంలో దాపరికం లేకుండా చెబుతాను. మన రెండు రాష్ట్రాల డిగ్రీ కాలేజీల్లో ఫిలాసఫీ పోస్టులు చాలా తక్కువ. ఢిల్లీ కాలేజీలకో, ఐఐటీల హ్యుమానిటీస్ విభాగాలకో, ప్రైవేట్ యూనివర్సిటీలకో వెళ్లడానికి సిద్ధపడాలి. యూజీసీ స్కేలులో అసిస్టెంట్ ప్రొఫెసర్ మూల వేతనం 57,700 దగ్గర మొదలవుతుంది. ఇదీ అక్కకు చెప్పండి, పెంచకుండా, తగ్గించకుండా.

రాల్సా, అంబేడ్కరా అన్నది పరిశోధన ప్రశ్నే కాదు. అవి పేర్లు. ఇంటర్వ్యూలో అడిగేది ఏ వాదం, అందులో మీకు ఎక్కడ ఇబ్బంది అనే. న్యాయమైన సమాజానికి నియమాలు తేల్చే ఊహాత్మక ఒప్పందానికి 1971లో రాల్స్ కూర్చోబెట్టింది కుటుంబ పెద్దల్ని. ఇంటి లోపల ఎవరి వాటా ఎంత అన్నది బయటే ఉండిపోయిందని స్త్రీవాద తత్వవేత్త సూసన్ మోలర్ ఓకిన్ 1989లో నిలదీసింది. కులం శ్రమ విభజన మాత్రమే కాదు, శ్రామికుల విభజన కూడా అని అంబేడ్కర్ 1936లో లాహోర్ సభకు రాసిన ప్రసంగంలో అన్నారు. ఆ ప్రసంగం చివరికి ఇవ్వనేలేదు. అక్క సంపాదించాలి, తమ్ముడు చదవాలి అని ఒక ఇల్లు పనులు పంచుకున్నప్పుడు ఆయన మాట అక్కడ ఎంతవరకు అన్వయిస్తుంది, ఎక్కడ ఆగిపోతుంది? ఇది ప్రశ్న. ఇద్దరూ ఇందులో ఉన్నారు. రెండు వేల మాటల్లో ప్రతిపాదన రాయండి, వాళ్ల జీవిత చరిత్రలకు ఒక్క పేరా కూడా ఇవ్వకండి.

ఆ ప్రతిపాదన కన్నా ముందు విజయవాడ ప్రయాణం. వచ్చే నెల 9 వేలు పడకముందే వెళ్లిరండి. అమ్మకు ఎవరు చెప్పాలో అక్కనే అడగండి. ఇంట్లో మంచీచెడూ ఏది ఎప్పుడు అమ్మ చెవిన వేయాలో ఇన్నాళ్లూ చూసుకున్నది తనే.