బీటెక్ అయ్యాక ఏం చేద్దామంటున్న మేనల్లుడికి

కావలి

చిరంజీవికి మామయ్య ఆశీస్సులు.

నిన్న రాత్రి అక్క ఫోన్ చేసి ఏడ్చింది. మెకానికల్ పాసై ఏడాది దాటింది, ఎవరైనా చుట్టాలొస్తే మేడ మీదికి వెళ్లిపోతున్నావట. ముందు ఆ సిగ్గు వదిలెయ్యి నాయనా. చదివిన బ్రాంచిలో ఉద్యోగం చెయ్యనంత మాత్రాన చదువు వృథా కాదు. నేనూ మెకానికలే చదివాను, ముప్పై ఏళ్లు బ్యాంకులో చేశాను.

అల్లూరు వైపు రొయ్యల గుంటలకు లోన్లు ఇచ్చే రోజుల్లో తెల్లవారకముందే గుంట మీదికి వెళ్లేవాణ్ణి. నీళ్లలో ఆక్సిజన్ బాగా పడిపోయే వేళ అది. రైతు చెక్ ట్రే, అంటే మేత వేసి నీళ్లలో దించే పళ్లెం, పైకి లాగి చూపించేవాడు. మేత అలాగే మిగిలిందంటే రొయ్య తినడం లేదని. నీళ్లకు గాలి పట్టించే ఏరియేటర్లు ఎన్ని, ఎంత హార్స్‌పవర్, కరెంటు పోతే జనరేటర్ మోస్తుందా అని అడిగేవాణ్ణి. కాగితాలన్నీ సరిగ్గా ఉన్నా, జనరేటర్ చాలదని ఒకసారి లోను ఆపాను. పెద్దది పెట్టించాకే ఇచ్చాను. ఆ రైతు ఇప్పటికీ సంక్రాంతికి ఇంటికొస్తాడు. నా ఇంజనీరింగ్ అక్కడ పనికొచ్చింది.

బ్యాంకు పీవో, అంటే ప్రొబేషనరీ ఆఫీసర్ పరీక్షకి ఏ డిగ్రీ అయినా చాలు, వయసు 20 నుంచి 30. లెక్కల్లో నీకు ఢోకా లేదు. మనవాళ్లు దెబ్బతినేది ఇంగ్లీషులో, జనరల్ అవేర్‌నెస్‌లో. తప్పు జవాబుకు పావు మార్కు పోతుంది కాబట్టి గుడ్డిగా టిక్కులు పెట్టొద్దు.

ఎవరూ చెప్పని దారి ఇంకొకటుంది, ఇన్సూరెన్స్ సర్వేయర్. ఇంజనీరింగ్ డిగ్రీ ఉన్నవాళ్లు శిక్షణ పొంది, పరీక్ష పాసై, బీమా కంపెనీల మీద అజమాయిషీ చేసే ఐఆర్‌డీఏఐ నుంచి లైసెన్సు తీసుకోవచ్చు. మన హైవే మీద లారీ గుద్దుకుంటే ఛాసిస్ వంగిందా, ఏ పార్టు మార్చాలి, ఏది రిపేరుతో సరిపోతుంది అని తేల్చేది ఆయనే. నువ్వు చిన్నప్పుడు నాన్న బండి విప్పి మళ్లీ బిగించినవాడివి, నాకైతే ఇది నీకు బాగా నప్పుతుందనిపిస్తోంది.

సివిల్స్ అంటావా, జనరల్ వాళ్లకు 32 ఏళ్ల లోపు ఆరు ప్రయత్నాలు. మెయిన్స్‌లో మనం ఎంచుకునే ఆప్షనల్ సబ్జెక్టుగా మెకానికల్‌నే పెట్టుకోవచ్చు. కానీ ఆరూ ఉన్నాయి కదా అని ఆరూ రాయొద్దు. రెండుసార్లు రాశాక ఆగి చూసుకుందామని ఇప్పుడే అమ్మానాన్నలతో చెప్పు. హైదరాబాద్ హాస్టళ్లలో ముప్పై దాటిన పిల్లల్ని చూశాను, కడుపు తరుక్కుపోయింది. ఊరికే ఉండలేక ఏదో కాలేజీలో ఎంబీఏ చేరడం మాత్రం వద్దు. క్యాట్ రాసి మంచిచోట సీటొస్తే వెళ్లు.

ఏ కోచింగుకీ ఇంకా డబ్బు కట్టొద్దు. ఆదివారం బస్సెక్కి రా. సోమవారం నెల్లూరులో నా స్నేహితుడైన సర్వేయర్ దగ్గర వదిలిపెడతాను, ఒక వారం ఆయన వెనక బండ్లు రిపేరు చేసే షెడ్లన్నీ తిరుగు. ఆ తర్వాత వారం మా పాత బ్రాంచి మేనేజరుతో ఫీల్డుకు వెళ్దువుగాని. మార్కుల లిస్టులు, రెండు జతల బట్టలు తెచ్చుకో. అత్తయ్య నీకోసం చేపల పులుసు పెడతానంటోంది.

మీ మామయ్య