కాలేజీ ఎఫ్‌డీ తీయకుండానే బాబు మ్యూజిక్ మొదలుపెట్టొచ్చు

ప్రశ్న: మా అబ్బాయి ప్లస్ టూ పరీక్షలు రాశాడు, జూన్‌లో విస్కామ్ (విజువల్ కమ్యూనికేషన్) కోర్సులో చేరాలి. ఆరు నెలలుగా రాత్రిళ్లు ఫోన్‌లో బీట్లు చేసి, పొద్దున్నే చెల్లెలికి వినిపిస్తుంటాడు. ఈ వేసవిలో నాలుగు వారాల ఎలక్ట్రానిక్ మ్యూజిక్, వీడియో ఎడిటింగ్ వర్క్‌షాప్‌లో చేరతానంటున్నాడు. ఫీజు 65 వేలు. లాప్‌టాప్, మ్యూజిక్ కీబోర్డు, స్పీకర్లకు ఇంకో లక్షా 10 వేలు. ఇంట్లో పాత డెస్క్‌టాప్ ఉంది. మా ఆదాయం నెలకు 58 వేలు. కాలేజీకి దాచిన 3 లక్షల ఎఫ్‌డీ తీయాలా, ఈఎంఐ పెట్టుకోవాలా?
– ఒక తల్లి, పెరంబూరు, చెన్నై

అమ్మా, ఎఫ్‌డీ ముట్టుకోకండి. గడువుకు ముందే తీస్తే బ్యాంకులు సాధారణంగా వడ్డీలో అర శాతం నుంచి ఒక శాతం దాకా కోస్తాయి. అది చిన్న నష్టమే. జూన్‌లో ఫీజు కట్టేటప్పుడు డబ్బు చాలకపోతే పడే టెన్షన్ చాలా పెద్దది.

ఈఎంఐ కూడా వద్దు. లక్షా 75 వేలను ఏడాదిలో తీర్చాలంటే, వడ్డీ లేకుండానే నెలకు 14,600 దాకా అవుతుంది. అంటే మీ ఆదాయంలో పావు వంతు. ‘నో కాస్ట్’ అన్నా వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ, చాలాచోట్ల ప్రాసెసింగ్ ఫీజు మీ నెత్తినే పడతాయి. మా తమ్ముడికి మేమూ ఇలాగే వాయిదాల్లో కీబోర్డు కొన్నాం. ప్రతి నెలా వాయిదా కట్టే రోజున ఇంట్లో దాని గురించే మాటలు. వాయిదాలు తీరకముందే అది అటకెక్కింది. ఆ మాటలు పడలేకే వాడు వాయించడం మానేశాడని ఇప్పటికీ బాధగా ఉంటుంది.

అలాగని బాబును ఆపొద్దు. ఆరు నెలలు ఎవరూ చెప్పకుండా రోజూ కూర్చున్నాడంటే అది ఉత్త సరదా కాదు. ముందు వైరున్న మంచి హెడ్‌ఫోన్స్ కొనండి, నాలుగైదు వేలలో వస్తాయి. బ్లూటూత్‌వి వద్దు, మీట నొక్కాక శబ్దం కాస్త ఆలస్యంగా వినిపిస్తుంది. స్పీకర్లు ఇప్పుడే అక్కర్లేదు. చిన్న గదిలో శబ్దం గోడలకు తగిలి బేస్ (లోతైన స్వరాలు) సరిగా తెలియదు. కంప్యూటర్‌కు తగిలించి వాయించే 25 మీటల మిడీ కీబోర్డు చాలు, చాలావాటితో ఏబుల్టన్ లైవ్ లైట్ అనే మ్యూజిక్ సాఫ్ట్‌వేర్ ఉచితంగా వస్తుంది. రీపర్ అనే ఇంకో సాఫ్ట్‌వేర్‌ను 60 రోజులు డబ్బు కట్టకుండా వాడుకోవచ్చు. డెస్క్‌టాప్ నెమ్మదిగా ఉంటే మన ఎలక్ట్రానిక్స్ బజారు రిచీ స్ట్రీట్‌లో ఎస్‌ఎస్‌డీ (వేగంగా పనిచేసే స్టోరేజీ డ్రైవ్) వేయించండి. లాప్‌టాప్ కాలేజీలో చేరాక, వాళ్లు ఏది కావాలంటారో తెలుసుకుని కొందాం.

ఇక వర్క్‌షాప్. 65 వేలలో జీఎస్టీ కలిసిందో లేదో అడిగారా? కలవకపోతే ఇంకో 11,700. ఒక్కో పిల్లాడికి ఒక్కో సిస్టమ్ ఇస్తారా? మధ్యలో మానేస్తే ఎంత తిరిగిస్తారో కాగితం మీద రాసిస్తారా? పూర్తికాల కోర్సు కాదు కాబట్టి ఈ ఫీజుకు పన్ను మినహాయింపు కూడా రాదు. పైగా విస్కామ్‌లో సౌండ్, ఎడిటింగ్ పాఠాలు మామూలుగా ఉంటాయి. ముందు ఆ సిలబస్ చూడండి, ఒకే పాఠానికి రెండుసార్లు కట్టకుండా.

ఈ నెల నుంచే నెలకు 5 వేల ఆర్‌డీ (రికరింగ్ డిపాజిట్) మొదలుపెడితే వచ్చే వేసవికి 60 వేలు, పైన వడ్డీ. ఈలోగా బాబు మూడు పాటలు మొదటి నుంచి చివరి దాకా పూర్తి చేస్తే, ఆ డబ్బుతో నిశ్చింతగా చేర్పించండి. ఏఆర్ రెహమాన్ 2008లో కేఎం మ్యూజిక్ కన్సర్వేటరీ అనే సంగీత కళాశాల పెట్టింది ఈ ఊళ్లోనే. ఒక వేసవి ఆగితే దారి మూసుకుపోదు.

హెడ్‌ఫోన్స్ కొనడానికి మీరూ బాబుతో వెళ్లండి. దుకాణంలో అతను చేసిన బీటే పెట్టించి, మీరూ ఒకసారి వినండి.